తెర నల్లబడితే తెల్లబోకండి

పోయినవారం చెనిక్కాయల ఊరుబిండి గురించి రాశాను కదా, ఈ వారం పచ్చళ్ళూ లేవు, పొడులూ లేవు. ఈ వారం కంప్యూటరు తెర. "ఈవిడకేమయింది, ఉన్నట్టుండి మెకానిక్కు అవతారం ఎత్తింది" అనుకోకండి. మనింట్లో మిక్సీ ఆగిపోతే ఏం చేస్తాం? ముందు ప్లగ్గు చూస్తాం. జారు సరిగ్గా కూర్చుందో లేదో చూస్తాం. తర్వాత మిక్సీని బోర్లించి అడుగున ఉన్న ఎర్ర మీట నొక్కుతాం. అప్పటికీ తిరక్కపోతేనే కొట్టుకు పంపిస్తాం. అంతేగానీ ఆగిన వెంటనే కొత్తది కొనుక్కురమ్మని డబ్బులిచ్చి పంపం కదా! కంప్యూటరు తెర నల్లబడితే మాత్రం మనకి చేతులు చల్లబడిపోతాయి. "అదేదో పెద్ద వస్తువు, మనకెందుకులే" అని నాలుగడుగులు వెనక్కి వేస్తాం. అలా వెనక్కి వేసినందుకు మా ఇంట్లో ఏడువేల రూపాయలూ ఒక జత కమ్మలూ పోబోయి ఆగినాయి. ఆ కథే చెప్తాను.

మా ఆడబిడ్డ రెండేళ్ళ క్రితం ఇద్దరు పిల్లల్ని తీసుకుని బి.కొత్తకోటకి, అంటే మా ఇంటికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందన్నది ఈ శీర్షికకి సంబంధించిన సంగతి కాదు. వచ్చిన ఆర్నెల్లకి వసారాలో ఒక బల్ల వేసుకుని టైపింగు పని మొదలుపెట్టింది. చీటీ పాడిన డబ్బుతో బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో పాత సీపీయూ, పాత మానిటరు, ఒక ప్రింటరు కొనుక్కొచ్చుకుంది. పిల్లల స్కాలర్‌షిప్పు ఫారాలు, అర్జీలు, శుభలేఖలు, ఎవరికేది కావాలంటే అది చేసిస్తుంది. అను ఫాంట్లలో ఆమె తెలుగు కొట్టే వేగం చూస్తే నాకు మురుకుల పీట తిప్పినట్టే ఉంటుంది. నెలకి వచ్చేది పెద్ద మొత్తమేం కాదు. కానీ పిల్లల నోటుపుస్తకాలకీ ఫీజులకీ అన్న ముందు చెయ్యి చాపకుండా గడుస్తోంది. పుట్టింటికి తిరిగొచ్చిన ఆడపిల్లకి అదెంత ఊపిరో మీకు నేను చెప్పక్కర్లేదు.

పోయిన దసరాకి ఆయుధపూజ చేసుకున్నాం. మా వైపు ఆయుధపూజంటే తెలుసుగా, కొడవలి దగ్గర్నుంచి స్కూటరు దాకా, గ్రైండరు దాకా అన్నిటికీ బొట్లే. ఆడబిడ్డ కూడా తన కంప్యూటరుని శుభ్రంగా తుడిచి, తెర నెత్తిన గంధం, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, టెంకాయ కొట్టింది. మర్నాడు పొద్దున కూర్చుని మీట నొక్కింది. తెర మీద కంపెనీ పేరు ఒక్క క్షణం మెరిసింది, ఠక్కున నల్లబడింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. రెండు సెకన్లు వెలుగు, ఆపైన అమావాస్య.

ఇంక చూడండి మా ఇంట్లో వైద్యులు! మా అత్తగారు, "దిష్టి తగిలిండాది. నిమ్మకాయ తిప్పి మూడుదోవల్లో పారెయ్యండి" అన్నారు. మా వారు, "పాతది వద్దని ఆ పొద్దే చెప్తి. వింటేగదా!" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ఆడబిడ్డ మాత్రం ఒకటే మాట. "బొట్టు తడి లోపలికి పోయిందేమో వదినా, నా చేతులారా నేనే చెడగొట్టుకుంటి" అని. దానికి తోడు ఆ పెట్టెలో ఒక శుభలేఖ ఉంది. కార్తీకమాసం ముహూర్తం. ఎల్లుండికల్లా మదనపల్లెలో ప్రెస్సుకి ఇవ్వాలి. పెళ్ళివారు అడ్వాన్సు కూడా ఇచ్చిపోయారు. తెర వెలగకపోతే శుభలేఖ కూడా పోయినట్టేనని ఆమె భయం.

మానిటరుని దుప్పట్లో చుట్టి ఆటోలో ఒక కొట్టుకు తీసుకెళ్ళింది. ఏ ఊరు, ఏ కొట్టు అని అడక్కండి. అక్కడి అబ్బాయి ప్లగ్గు పెట్టాడు, చూశాడు, "ప్యానెలు పోయిందక్కా. రిపేరీ కాదు. కొత్తది ఏడువేలు" అన్నాడు. రెండు నిమిషాల్లో తీర్పు అయిపోయింది. ఇంటికొచ్చి ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. రాత్రి నేను అంట్లు తోముతుంటే దొడ్లోకి వచ్చి, చేతిరుమాల్లో చుట్టిన కమ్మలు నా చేతిలో పెట్టింది. "రేప్పొద్దున బ్యాంకులో పెట్టించు వదినా. అన్నకు చెప్పొద్దు" అంది. చెవుల్లో వేపపుల్లలు పెట్టుకుని ఉంది. నాకు గుండె కలుక్కుమంది. "ఒక్క రాత్రి ఆగమ్మా" అన్నాను.

ఆగమన్నానే గానీ ఆ రాత్రి ఏం చెయ్యాలో నాకేం తెలుసు! గుర్తొచ్చిందల్లా మా నాయన ఉన్నప్పటి టీవీ మెకానిక్కు. మా పుట్టింట్లో ఈసీ టీవీ ఉండేది. హైదరాబాదులో 1967లో పెట్టిన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసిన టీవీ అది. ఆ సంస్థే కంప్యూటర్లు కూడా తయారుచేసిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. దాంట్లో బొమ్మ ఉన్నట్టుండి పైకి దొర్లిపోయేది. మెకానిక్కు మదనపల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. వచ్చీ రాగానే మా అమ్మని అద్దం అడిగేవాడు. అద్దాన్ని టీవీకి ఎదురుగా కుర్చీలో నిలబెట్టి, తను టీవీ వెనక కూర్చుని లోపల తిప్పుతూ, బొమ్మ ఎలా ఉందో అద్దంలో చూసుకునేవాడు. కానీ మూత విప్పే ముందు నాడి పట్టుకున్న డాక్టరులాగా అడిగేవాడు. "బొమ్మ ఒక్కటే పోయిందా, మాట కూడా పోయిందా? ఉన్నట్టుండి పోయిందా, చిన్నగా పోయిందా? వానొచ్చిందా? ఎవరన్నా పక్కకు జరిపినారా?" సగంసార్లు ఆ జవాబుల్లోనే జబ్బు దొరికిపోయేది. మేడ మీద ఏంటినా తీగ ఊడి ఉండేది, అంతే.

సరే, మనమూ అడుగుదాం అనుకున్నాను. బెంగుళూరులో చదువుకుంటున్న మా పెద్దవాడికి ఫోను చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద పెట్టాను. వాడు చెప్పడం, మేమిద్దరం చెయ్యడం. ఒక్క మర కూడా విప్పలేదు సుమండీ. ఎందుకు విప్పకూడదో తర్వాత చెప్తాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. కంప్యూటరంటే తెర కాదు. పని చేసేది, దాచుకునేది అంతా పక్కనున్న పెట్టె, అంటే సీపీయూ. తెర ఆ పెట్టె చెప్పింది చూపిస్తుంది, అంతే. తెరకి జ్ఞాపకం లేదు. కాబట్టి తెర నల్లబడితే అందులో ఉన్న ఫోటోలూ శుభలేఖలూ ఎక్కడికీ పోవు. ఈ మాట వినగానే మా ఆడబిడ్డ సగం తేరుకుంది. ఇప్పుడు జబ్బు ఉండే చోట్లు మూడే. తెరలో ఉండాలి, పెట్టెలో ఉండాలి, లేదా రెంటినీ కలిపే తీగలో ఉండాలి.

తెర కింద చిన్న దీపం ఉంటుంది చూడండి, మొదట అది చూశాం. వెలుగుతోంది. అంటే కరెంటు వస్తోంది. అది అసలే వెలక్కపోతే ప్లగ్గూ, స్విచ్చిబోర్డూ, కరెంటు తీగా చూసుకోవాలి. తర్వాత కీబోర్డులో క్యాప్స్ లాక్ మీట నొక్కమన్నాడు. తీగ ఉన్న కీబోర్డుల్లో దానికొక బుల్లి దీపం ఉంటుంది. నొక్కితే వెలిగి, మళ్ళీ నొక్కితే ఆరితే పెట్టె బతికి ఉన్నట్టే. మాది వెలిగింది. తర్వాత తెరకీ పెట్టెకీ మధ్య ఉన్న తీగ ఊడదీసి, తెరని ఒంటరిగా ఉంచి మీట నొక్కమన్నాడు. మంచి తెరయితే "నాకు సిగ్నలు రావడం లేదు" అనో, "తీగ చూడండి" అనో ఒక పలక చూపిస్తుంది. అది చూపిస్తే తెరకి ఏ రోగమూ లేదు, తీగనో పెట్టెనో అనుమానించాలి. మా తెర ఆ పలకని రెండు సెకన్లు చూపించి నల్లబడిపోయింది. జబ్బు తెరలోనే ఉందని అక్కడ తేలింది.

"అయితే ఆ పిల్లోడు చెప్పిందే నిజం కదా వదినా" అని ఆడబిడ్డ మళ్ళీ డీలాపడింది. మావాడు, "లైటు ఆర్పెయ్యండి. టార్చి తీసుకోండి" అన్నాడు.

తీగ మళ్ళీ తగిలించి, కంప్యూటరు వేసి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పేశాం. ఆమె టార్చిని తెరకి దగ్గరగా, ఏటవాలుగా పట్టుకుని పక్కకి వంగి చూసింది. కాసేపు ఏమీ లేదు. టార్చి కొంచెం జరిపింది. "వదినా! సామి కనిపిస్తా ఉండాడు!" అని కేకపెట్టింది. నేనూ వంగి చూశాను. నల్లటి తెర లోపల, పాత ఫోటో నెగటివులో కనిపించినట్టు మసకమసగ్గా, ఆమె పెట్టుకున్న వెంకటేశ్వరస్వామి బొమ్మ, పక్కన వరసగా ఫైళ్ళ గుర్తులు. శుభలేఖ ఫైలు కూడా కనిపించింది. అత్తగారు చీకట్లోనే చెంపలేసుకున్నారు.

ఇందులో మాయేం లేదండీ. తోలుబొమ్మలాట చూశారా? ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వాళ్ళు ఆడించే ఆట. తెల్లటి తెర, దానికానుకుని బొమ్మలు, వెనకాల దీపం. ఇప్పటి పలచటి మానిటర్లన్నీ దాదాపు ఆ పద్ధతే. ముందు ఉండే గాజుపలకే ప్యానెలు. అది బొమ్మని గీస్తుంది గానీ తనంతట వెలగదు. దాని వెనకాల వేరే దీపాలు ఉంటాయి. పాతవాటిలో పెన్సిలు కంటే సన్నటి ట్యూబులైట్లు, ఆ తర్వాత వచ్చినవాటిలో ఎల్.ఇ.డి. దీపాల పట్టీలు. దీపం ఆరితే బొమ్మలు ఆడుతూనే ఉంటాయి, మనకే కనపడవు. టార్చి వేస్తే మసగ్గానైనా బొమ్మ కనిపించిందంటే ప్యానెలు బాగుంది, వెనక దీపమో, దానికి కరెంటు ఇచ్చే భాగమో చెడింది. తెరలో అన్నిటికంటే ఖరీదైనది ప్యానెలే. మానిటరు ధరలో ఎక్కువ భాగం దానిదే. అది బాగుందంటే చాలావరకు గండం గడిచినట్టే.

ఆ కొట్టు అబ్బాయి మోసం చేశాడని నేననను. అక్కడ పాతది తీసి కొత్తది పెట్టడమే పని, పలకలు బాగుచేసే పని కాదు. తెలియనిదాన్ని "పోయింది" అనేశాడు. అయినా దీపాలార్పి ఒక్కసారి టార్చి వేసి ఉంటే ఆ పిల్ల కమ్మలు తీసేది కాదు కదా అని నాకిప్పటికీ ఉక్రోషమే.

శుభలేఖ సంగతి ఆ రాత్రే తేల్చేశాం. ఎదురింటి పిన్నమ్మ వాళ్ళ టీవీ పదేళ్ళ కిందటిది. వెనకాల పదిహేను రంధ్రాల సాకెట్టు, "పీసీ ఇన్" అని రాసి ఉంటుంది. మా పాత సీపీయూ తీగ కూడా అలాంటిదే. రాత్రి తొమ్మిదింటికి నేనూ ఆడబిడ్డా పెట్టె మోసుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాం. పిన్నమ్మ సీరియలు మధ్యలో ఆపాల్సొచ్చిందని ముఖం ముడుచుకుంది గానీ, తన టీవీలో శుభలేఖ తెరుచుకుని, వధూవరుల పేర్లు గుమ్మడికాయంత అక్షరాల్లో కనిపించేసరికి కాఫీ కూడా ఇచ్చింది. శుభలేఖని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని వచ్చేశాం. మీ పెట్టెకీ ఇంట్లో టీవీకీ హెచ్.డి.ఎం.ఐ. సాకెట్టు ఉంటే ఇంకా సులువు. ల్యాపుటాపు తెర నల్లబడినా ఇదే పరీక్ష. టీవీలో బొమ్మ వస్తే ల్యాపుటాపు తెరకో, దాని తీగకో దెబ్బ. టీవీలో కూడా రాకపోతే జబ్బు లోపలెక్కడో ఉంది.

మర్నాడు మానిటరు తీసుకుని మదనపల్లె వెళ్ళాం. ఈసారి కంప్యూటరు కొట్టుకి కాదు, టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి. "రెండు సెకన్లు వెలిగి ఆరిపోతుంది. టార్చి వేస్తే బొమ్మ కనిపిస్తుంది" అని చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు చూడాలి! "సగం పని మీరే చేసుకొచ్చినారు" అని మూత విప్పాడు. లోపల పలక మీద వేలెడు కూడా లేని చిన్న చిన్న డబ్బాలున్నాయి, కెపాసిటర్లంటారు. వాటి తల చదునుగా ఉండాలి. రెండింటి తలలు మాత్రం నూనెలో పడ్డ బోండాల్లా ఉబ్బి ఉన్నాయి. "ప్యానెలుకు ఏం కాలేదమ్మా. ఈ రెండూ ఉబ్బిండాయి, అంతే. దీపాలకు సరిగ్గా కరెంటు అందక వెలిగీ వెలగంగానే ఆరిపోతా ఉండాది" అన్నాడు. ఆ రెండూ తీసి కొత్తవి అతికాడు. సామానుకీ కూలికీ కలిపి నాలుగువందల యాభై. మీట నొక్కితే స్వామి నిండుగా వెలిగాడు. ఆడబిడ్డ అక్కడికక్కడే చెవుల్లో పుల్లలు తీసేసి కమ్మలు పెట్టుకుంది.

"బొట్టు పెట్టినందుకేనా అన్నా?" అని అడగనే అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "తడి జాడే లేదు. ఇది వేడికి పోయింది. దీని మీద ఏమన్నా కప్పినారా?" అన్నాడు. ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. ఆ మానిటరు కొన్నప్పుడు దుమ్ము పడకుండా ముచ్చటగా ఒక ముసుగు కుట్టిచ్చింది నేనే! లేసు కూడా వేశాను. ఆమె ముందు వైపు ఎత్తి, వెనక వైపు అలాగే వేలాడదీసి పని చేసుకునేది. వెనక ఉన్న గాలి రంధ్రాలన్నీ మూసుకుపోయి లోపల ఉడికిపోయింది. ఈ కెపాసిటర్లకి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగానికి సగం పడిపోతుందట. దిష్టీ కాదు, బొట్టూ కాదు, వదిన కుట్టుపని! ముసుగు పని అయిపోయి, తెర చల్లారాకే వెయ్యండి. వెనకాల గోడకి జానెడు జాగా వదలండి.

ఇప్పుడు మీ ఇళ్ళలో వచ్చే మిగతా చిక్కులు చెప్తాను. బొమ్మంతా ఒకే రంగుకి తిరిగిపోయిందనుకోండి, ముందు తీగని అనుమానించండి. పాత రకం తీగలో పదిహేను సూదులుంటాయి. వాటిలో ఎరుపుకొకటి, ఆకుపచ్చకొకటి, నీలానికొకటి. నీలం సూది తగలకపోతే తెల్లగా ఉండాల్సిన చోటంతా పసుపు అవుతుంది. ఆకుపచ్చ పోతే రాణీ రంగు. ఎరుపు పోతే నెమలికంఠం. నీరుగట్టువారిపల్లె పట్టుచీరలు కొన్న వాళ్ళం, మనకి రంగులు ఒకరు చెప్పాలా! కంప్యూటరు ఆపి, తీగ తీసి సూదుల్ని చూడండి. వంగిన సూది ఉంటే పట్టుకారుతో మెల్లగా నిటారుగా చెయ్యాలి. మధ్య వరసలో ఒక సూది లేకపోతే కంగారుపడకండి, చాలా తీగల్లో దాన్ని తయారీలోనే వదిలేస్తారు. తర్వాత తీగని గట్టిగా తోసి, రెండు పక్కలా మరలు బిగించండి. చీపురు తగిలో, పిల్లలు లాగో వదులైన తీగలే ఎక్కువ.

బొమ్మ వణుకుతోంది, గీతలు పడుతున్నాయి, తప్పు తెరదా పెట్టెదా అని తెలియకపోతే తెర అంచునున్న మెనూ మీట నొక్కండి. వెలుతురూ రంగులూ మార్చుకునే పలక వస్తుంది. ఆ పలకని తెర సొంతంగా గీస్తుంది, పెట్టెతో పని లేదు. వెనకాల బొమ్మ వణుకుతున్నా పలక నిలకడగా ఉంటే తెర మంచిదే, తీగా పెట్టే చూసుకోండి. పలక కూడా వణికితే తెరే. నిలువుగా సన్నటి గీత ఎప్పుడూ ఒకే చోట ఉంటే, లేదా సిరా ఒలికినట్టు మరక పాకుతుంటే మాత్రం ప్యానెలుకే దెబ్బ. డెస్కుటాపు మానిటరుకి అప్పుడు కొత్తది కొనుక్కోవడమే మేలు, రిపేరికి డబ్బు పెట్టకండి. ల్యాపుటాపుకైతే ప్యానెలు మార్పించుకోవచ్చు.

కొన్నిసార్లు అసలు జబ్బే ఉండదు. పెట్టె తిరుగుతున్న చప్పుడొస్తుంది, తెర మాత్రం నలుపు. విండోస్ గుర్తున్న మీట పట్టుకుని పి అక్షరం నొక్కి చూడండి. పిల్లలు ఎప్పుడో టీవీకి తగిలించి, బొమ్మ అటే పోయేలా పెట్టి మరిచిపోయి ఉంటారు. విండోస్, కంట్రోలు, షిఫ్టు మూడూ కలిపి పట్టుకుని బి నొక్కితే తెర ఒక్కసారి రెప్పవేసి తేరుకోవడం కూడా ఉంది. మా మేనకోడలి ల్యాపుటాపు వాళ్ళమ్మ ముట్టుకుంటే నల్లబడేది, అమ్మాయి ముట్టుకుంటే వెలిగేది. రెండు రోజులు ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. తీరా చూస్తే ఆవిడ ఫోను కవరుకి అయస్కాంతం బొత్తాము ఉంది. ఫోను కీబోర్డు అంచున పెట్టి కూర్చునేది. ల్యాపుటాపుల్లో మూత మూశారో లేదో అయస్కాంతంతోనే కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది. మూత మూశారనుకుని తెర ఆర్పేస్తోందది! మూతని ముందుకీ వెనక్కీ వంచితే బొమ్మ వచ్చీ పోతుంటే మాత్రం మడత దగ్గర తీగ నలిగినట్టు. దాన్ని ఇంకా వంచి వంచి తెంపుకోకుండా చూపించుకోండి.

పెట్టె ఆన్ చెయ్యగానే "బీప్ బీప్" అని ఆగకుండా అరుస్తూ తెర నల్లగా ఉంటే చాలాసార్లు మెమరీ పలక దుమ్ముపట్టో వదులయ్యో ఉంటుంది. తెలిసినవాళ్ళు దాన్ని తీసి, బంగారు రంగు అంచుని పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగిస్తారు. చెనిక్కాయలు ఒలిచే రోజుల్లో మా వసారాలో లేచే దుమ్ముకి ఇది ఏడాదికొకసారి తప్పదు. కరెంటు తీగ పూర్తిగా పీకేశాకే పెట్టె మీద చెయ్యి వెయ్యాలి.

తెర మూత మాత్రం మనం విప్పకూడదు. ప్లగ్గు పీకేసినా లోపలున్న పెద్ద కెపాసిటరు మూడువందల వోల్టుల పైచిలుకు కాసేపు పట్టుకుని ఉంటుంది. అటక మీద పాత డబ్బా మానిటరు, అంటే వెనకాల బుర్ర ఉన్నది, ఉంటే దాని జోలికి అసలు పోవద్దు. రంగుల పిక్చరు ట్యూబులో పాతికవేల వోల్టుల దాకా పుడుతుంది. ఆపిన తర్వాత కూడా ఆ ట్యూబు షాకు కొట్టగలదు. పాత సామాను అతను పగలగొట్టి రాగి తీసుకుంటానంటే మీ వాకిట్లో వద్దనండి. ఆ గాజులో సీసం, పలచటి పాత తెరల ట్యూబుల్లో పాదరసం ఉంటాయి. వీటిని నమోదైన రీసైక్లింగు వాళ్ళకే చేర్చాలని 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వ్యర్థాల నిబంధనలు చెప్తున్నాయి. మనలాంటి చిన్న ఊళ్ళలో అది సులువు కాదు. కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకుంటారా అని కొట్టులో అడిగి చూడండి.

తుడవడం గురించి కూడా నా అనుభవమే చెప్తాను. మూడేళ్ళ క్రితం మా పెద్దవాడి మానిటరు మీద అద్దాలు తుడిచే మందు చల్లి, పాత నూలుచీర ముక్కతో తళతళలాడేలా రుద్దాను. చల్లిన మందు జారి కింది అంచులోకి దిగింది. ఆ అంచునే తెరకి బొమ్మ అందించే సన్నటి తీగలుంటాయని నాకేం తెలుసు? సాయంత్రానికి గీతలు, వారానికి తెర మొత్తం పోయింది. తెర ఆపి, చల్లారాక, కళ్ళద్దాలతో వచ్చే మెత్తటి గుడ్డతో పొడిగా తుడవండి. జిడ్డు పోకపోతే గుడ్డని నీళ్ళతో ఒక్క రవ్వ తడిపి, గట్టిగా పిండి తుడవండి. మందూ నీళ్ళూ తెర మీద చల్లవద్దు. నొక్కి రుద్దవద్దు.

ఆ ఉబ్బిన కెపాసిటర్లు రెండూ మా ఆడబిడ్డ అడిగి తెచ్చుకుంది, టేబులు సొరుగులో సూదుల డబ్బాలో ఉన్నాయి. ఆ నెల శుభలేఖల డబ్బులోంచి నా నాలుగువందల యాభై నాకు లెక్కపెట్టి ఇచ్చేసింది, వద్దంటే ఒప్పుకోలేదు. మా వారు ఇప్పుడు పొలం కాగితాలు టైపు చేయించుకోవాలంటే వసారాలోకి వచ్చి, "ఖాళీగా ఉండావా?" అని అడిగి మరీ కూర్చుంటారు. లేసు ముసుగుని విప్పి పొడుల సీసాలకి చిన్న చిన్న టోపీలు కుట్టాను. వచ్చే దసరాకి బొట్టు ఎక్కడ పెట్టాలని ఆడబిడ్డ అప్పుడే అడుగుతోంది. మానిటరు కాలికి పెట్టమన్నాను.